బోర్డు లేని షెడ్డు, రెండో నంబరు కాయిల్

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీదున్న మా పర్లాకిమిడిలో కారు ఎవరు బాగా చేస్తారని అడిగితే మనిషికో పేరు చెప్తారు. నేను రాస్తున్న షెడ్డుకి అసలు పేరే లేదు. బోర్డు లేదు, ఫోన్ నంబరు రాసిన రేకు కూడా లేదు. వేపచెట్టుకి ఆనించిన పాత ఆంబాసిడర్ బానెట్ ఒకటి ఉంటుంది, పైన కోడి కూర్చుని. అదే గుర్తు. 2018లో తిత్లీ తుఫానుకి షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయినా ఆ బానెట్ మాత్రం కదల్లేదట. ఆ కథ ఆయన వచ్చిన ప్రతివాడికీ చెప్తాడు, మీకూ చెప్తాడు, వినండి.

నాకు నోటుబుక్కుల హోల్‌సేల్ షాపు ఉంది. జూన్ మధ్యలో స్కూళ్ళు తెరిచిన దగ్గర్నుంచి ఆగస్టు దాకా తిండికీ నిద్రకీ టైముండదు. కొండమీద ఆర్.ఉదయగిరి, నువాగడ, మోహన వైపు స్కూళ్ళకీ హాస్టళ్ళకీ సరుకు నేనే వేసుకెళ్తాను. లారీ పెట్టేంత సరుకు ఉండదు, బస్సు మీద వేస్తే వానకి తడుస్తుంది. అందుకని వెనక సీటు మడిచేసి మా చిన్న కారులోనే కట్టలు సర్దుతాను. మా ఇంటావిడ దీన్ని కారు అనదు, గోడౌన్ అంటుంది. మూడు సిలిండర్ల పెట్రోల్ బండి, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. అప్పటిదాకా నన్ను నడిరోడ్డు మీద వదిలేసింది లేదు.

జూలై మొదటి వారంలో ఒకరోజు ముసురు పట్టి ఉంది. ఊళ్ళో బండి మామూలుగానే నడిచింది, చదును రోడ్డు మీదా అంతే. ఘాటీ మొదలయ్యాక ఒక వంపు దగ్గర సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. బండి దగ్గడం మొదలుపెట్టింది. ఒక దగ్గూ రెండు దగ్గులూ కాదు, పిల్లలకి కోరింత దగ్గు వచ్చినట్టు ఊపిరి తిప్పుకోకుండా. స్టీరింగ్ వణికింది, సీటు వణికింది, మీటర్లో పసుపురంగు ఇంజిన్ బొమ్మ మిణుకు మిణుకుమని కొట్టుకుంది. కాలు తీస్తే సర్దుకుంటోంది, మళ్ళీ తొక్కితే అదే వరస. పక్కన ఆపి పది నిమిషాలు చూశాను. స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నున్నగా తిరిగింది. సరేలే అని ఫస్ట్ గేర్‌లో అలాగే ఏడిపిస్తూ పైకి ఎక్కించేశాను. అది తప్పని తర్వాత తెలిసింది. ఆ బొమ్మ నిలకడగా వెలిగితే తొందరలో చూపించుకోమని అర్థం. మిణుకుమిణుకుమంటే మాత్రం ఏదో సిలిండర్‌లో పెట్రోలు కాలకుండా బయటికి పోతోందన్న మాట. ఆ పచ్చి పెట్రోలు సైలెన్సర్ గొట్టంలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండి దాన్ని కాల్చేస్తుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఖర్చు వేలల్లో ఒకటో రెండో అయితే, ఆ కన్వర్టర్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

ముందు నేను వెళ్ళింది ఈ షెడ్డుకి కాదు. కాస్త పెద్ద ఊళ్ళో, అద్దాల గది, ఏసీ, కూర్చోడానికి సోఫా ఉన్న గ్యారేజీకి. పేరు రాయను. కంప్యూటర్ పెట్టి చూశారు. "ఒడిశా పెట్రోలు కొట్టిస్తున్నారా సార్? అందులో నీళ్ళున్నాయి" అన్నారు. ఆంధ్రా కన్నా ఇక్కడ పెట్రోలు చవకని పాతపట్నం నుంచి జనం వరసకట్టి మా ఊరొచ్చి కొట్టించుకుంటున్నారు. వాళ్ళెవరి బండీ దగ్గడం లేదు కదా అని అడగాలనిపించింది గానీ ఏసీ గదిలో నోరు లేవదు. ఇంజెక్టర్లు కడిగారు, థ్రాటిల్ కడిగారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. 5,640 రూపాయలు. బిల్లు మాత్రం చక్కగా రంగుల్లో అచ్చేసి ఇచ్చారు.

నాలుగో రోజు అదే ఘాటీ, అదే వంపు, అదే దగ్గు. మళ్ళీ వెళ్తే ఈసారి మూడు కాయిళ్ళూ మార్చాలి, వైరింగ్ కూడా చూడాలి, 11,800 దాకా అవుతుందన్నారు. మరి మొన్న పెట్రోల్లో నీళ్ళన్నారు కదా అంటే, అది వేరు సార్ ఇది వేరు అన్నారు. నాకు కోపం వచ్చిందంటే డబ్బుకి కాదు. ఏది పాడైందో వాళ్ళకే తెలియదు, తెలియకపోయినా మార్చెయ్యడానికి మాత్రం సిద్ధంగా ఉన్నారు. షాపులో అర డజను పెన్నుల్లో ఒకటి రాయడం లేదని కస్టమరు వస్తే నేను ఆరూ పారేసి కొత్తవి కొనమంటానా?

అప్పుడు మా బావమరిది ఈ షెడ్డు సంగతి చెప్పాడు. "బోర్డుండదు బావా, కోడుంటది" అన్నాడు.

మిస్త్రీకి అరవై దాటి ఉంటాయి. మనిషి పొట్టి, మాట గట్టి. పర్లా చుట్టుపక్కల తెలుగువాళ్ళు మెకానిక్‌ని మిస్త్రీ అనే అంటారు, నేనూ మిస్త్రీ బాబాయ్ అనే పిలిచాను. ఆయన నన్ను మొదటిరోజు నుంచే సావుకారూ అనడం మొదలుపెట్టాడు. పక్కన ఒక మేనల్లుడు ఉంటాడు, ఇరవై ఏళ్ళవాడు, ఒడియా కుర్రాళ్ళు వాణ్ణి భాయినా, అంటే అన్నా, అంటారు. కొండమీది సవర ఊళ్ళ నుంచి బొలేరోలు వస్తాయి, పాతపట్నం నుంచి ఏపీ నంబరు బళ్ళొస్తాయి. మిస్త్రీ ఒకరితో తెలుగు, ఒకరితో ఒడియా, ఒకరితో సవర మాట్లాడుతూ అందర్నీ సమానంగా తిడతాడు.

నేను వెళ్ళేసరికి ఆయన బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని ప్రశ్నలు వేశాడు.

"ఎప్పుడు దగ్గుతాది? పొద్దున్న సల్లగా ఉన్నప్పుడా, ఏడెక్కాకా?"

వేడెక్కాక.

"సదును మీదా, ఎక్కేటప్పుడా?"

ఎక్కేటప్పుడే.

"వాన రోజుల్లో ఎక్కువా?"

రెండుసార్లూ వానే. అప్పటిదాకా నేనది గమనించలేదు.

"బరువెంతుంది?"

నోటుబుక్కులు, మూడొందల కిలోలు ఉంటాయేమో.

అప్పుడు లేచాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి వెనక్కి వెళ్ళి నన్ను ఒక కాయితం అడిగాడు. కారునిండా కాయితాలే కదా, ఒక పుస్తకంలో పేజీ చించి ఇచ్చాను. దాన్ని సైలెన్సర్ నోటి దగ్గర పట్టుకున్నాడు. కాయితం ఒకే లయలో టపటపలాడింది. ఏదైనా సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే, అంటే దాని వంతుకి మండకపోతే, ఆ లయ తప్పుతుంది, కాయితం తడబడుతుంది, ఒక్కోసారి లోపలికి లాక్కున్నట్టవుతుంది. ఇప్పుడేమీ లేదు. "ఇక్కడ ఎంతసేపు సూసినా ఇది మంచిదాన్లాగే ఉంటది. దీని నిజం ఘాటీలో ఉంది" అన్నాడు.

మేనల్లుడి దగ్గర అగ్గిపెట్టెంత నీలంరంగు స్కానర్ ఉంది. స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌లో చూస్తారు. పీ0302 అని వచ్చింది. ఇందులో చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. పీ0301 అయితే ఒకటోది, పీ0300 అయితే ఏదని చెప్పలేని కలగాపులగం. నేను వెంటనే "అయితే రెండో కాయిల్ పోయినట్టేగా" అన్నాను. మిస్త్రీ నా వైపు చూసిన చూపు మా లెక్కల మాస్టారి చూపు.

"ఏ గదిలో దీపం ఆరిపోయిందో సెప్పింది సావుకారూ. ఎవుడార్పేడో సెప్పలేదు."

ఇదొక్కటి అర్థమైతే సగం గ్యారేజీ ఖర్చు తగ్గుతుంది, అందుకని కాస్త విడమర్చి రాస్తాను. రెండో సిలిండర్ మండకపోవడానికి కాయిల్ కారణం కావచ్చు. ప్లగ్గు కావచ్చు. ఇంజెక్టర్ పెట్రోలు సరిగ్గా చిమ్మకపోవచ్చు. వాల్వు కాలి కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, పోయి ఉండొచ్చు. ఎలక వైరు కొరికి ఉండొచ్చు, నా గోడౌన్ పక్కన నిలిపే బండికి అది మరీ ఎక్కువ. కోడ్ ఒక్కటే, అనుమానితులు అయిదుగురు. కాయిల్ సర్క్యూట్‌కే విడిగా పీ0351, 0352, 0353 అని కోడ్‌లు ఉన్నాయి, కానీ అవి వైరు తెగినా, కాయిల్ లోపల తీగ తెగినా వస్తాయి తప్ప ఇలా అప్పుడప్పుడూ జారే కాయిల్‌కి రాకపోవచ్చు. ఇంకో సంగతి, అద్దాల గ్యారేజీ వాళ్ళు మొదటిసారి కోడ్ తుడిచేసి పంపారు, అందులో ఏముందో నాకు చెప్పలేదు. "రోగి చీటీ సించేసి మందిచ్చేరు" అన్నాడు మిస్త్రీ. మీరు ఏ గ్యారేజీకి వెళ్ళినా కోడ్ తుడిచే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

తర్వాత ఆయన చేసిన పనికి స్కానర్ కూడా పెద్దగా అక్కర్లేదు. 10 నంబరు పానాతో రెండో కాయిల్ బోల్టు, మూడో కాయిల్ బోల్టు విప్పి రెండిట్నీ ఒకదాని చోట ఒకటి పెట్టాడు. ఏది ఏదో మర్చిపోకుండా గుర్తు పెట్టడానికి నా జేబులో వైట్‌నర్ పనికొచ్చింది. రెండోదాని మీద రెండు చుక్కలు, మూడోదాని మీద మూడు. కోడ్ తుడిచి, కట్టలు దించొద్దని చెప్పి, "రేపు పొద్దున్న అదే ఘాటీ, అదే గేరు. దగ్గితే కాలు తీసెయ్యండి, సాగదియ్యొద్దు" అన్నాడు. కోడ్ ఇప్పుడు మూడో సిలిండర్‌కి మారితే కాయిల్ దొంగ. రెండులోనే ఉండిపోతే కాయిల్ నిర్దోషి, ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష. అద్దాల గదిలో ఇది ఎందుకు చెయ్యలేదంటే నా దగ్గర జవాబు లేదు.

మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాను. వంపు వచ్చింది, తొక్కాను, దగ్గింది. ఫోన్‌లో పీ0303. నా బండి పాడైందని తేలినందుకు నేను అంత సంతోషపడటం అదే మొదటిసారి. కుర్రాడు "పడ్డాడు భాయినా" అని అరిచాడు, ఎవరో దొరికినట్టు.

ఘాటీలోనే ఎందుకు దగ్గుతుందో ఆ సాయంత్రం టీ తాగుతూ మిస్త్రీ చెప్పాడు. ఆయన చెప్పిందాన్ని నా మాటల్లో రాస్తున్నాను. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వ దూకాలంటే ఇరవై, ముప్పై వేల వోల్టులు కావాలి. ఆ మధ్య తేడా నింపేది కాయిల్. లోపల రెండు చుట్లు ఉంటాయి, ఒకటి లావు తీగ, కొన్ని వందల చుట్లు. ఇంకోటి వెంట్రుక లాంటి తీగ, వేలకి వేలు. లావు తీగలో కరెంటు పారించి టక్కున ఆపేస్తే ఆ దెబ్బకి సన్న తీగలో ఒక్కసారిగా వేల వోల్టులు లేస్తాయి. కరెంటు ఇచ్చినప్పుడు కాదు, తీసేసినప్పుడే రవ్వ. ఆయన జవానీలో ఆంబాసిడర్‌కి ఒక్కటే కాయిల్ ఉండేది, డబ్బాలాంటిది. అందులోంచి డిస్ట్రిబ్యూటర్ నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా పంచేది. ఎండాకాలం అది వేడెక్కి మొరాయిస్తే తడిగుడ్డ చుట్టి పావుగంట ఆగి వెళ్ళిపోయేవాళ్ళట. ఇప్పుడు ప్రతి ప్లగ్గు నెత్తినా దాని సొంత కాయిల్. కింద రబ్బరు బూటు, లోపల స్ప్రింగు, అది నేరుగా ప్లగ్గు మీద కూర్చుంటుంది. డీజిల్ బొలేరో వాళ్ళకి ఈ గొడవే లేదు, అక్కడ ఒత్తిడికే డీజిల్ మండుతుంది, రవ్వ అక్కర్లేదు.

చదును మీద కాలు తేలిగ్గా పెడితే సిలిండర్‌లోకి వెళ్ళే గాలి, పెట్రోలు తక్కువ. ప్లగ్గు దగ్గర ఒత్తిడీ తక్కువే, రవ్వ తేలిగ్గా దూకుతుంది. మూడొందల కిలోల నోటుబుక్కులతో ఎక్కుతూ గట్టిగా తొక్కితే సిలిండర్ నిండిపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ దట్టమైన గాలిని చీల్చుకుని దూకడానికి వోల్టులు ఎక్కువ కావాలి. కాయిల్‌లోనో బూటులోనో సన్నని చీలిక ఉంటే కరెంటు ప్లగ్గు మొనదాకా వెళ్ళి కష్టపడటం మానేసి, పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది. తడి ఉంటే మరీ తేలిక. అందుకే వాన, అందుకే ఎక్కుడు, అందుకే ఏసీ గది ముందు నిలబెట్టి ఎంతసేపు రేజ్ చేసినా వాళ్ళకి ఏమీ కనపడలేదు.

"మీటరు పెట్టి ఓమ్స్ చూడొచ్చు కదా" అని నేను ఫోన్‌లో చదివిన తెలివి చూపించాను. రెండు పిన్నుల పాత కాయిల్ అయితే చూడొచ్చన్నాడు. నా బండి కాయిల్ లోపల కరెంటు ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చి కూడా ఉంది, దానికి మామూలు మీటరు పెట్టి మంచిదో చెడ్డదో తేల్చలేం. ఒకవేళ చూడగలిగినా చల్లగా ఉన్నప్పుడు మీటరు బాగానే చూపిస్తుంది, వేడెక్కాక చీలిక తెరుచుకుంటుంది. మీటరు బాలేదంటే నమ్మొచ్చు, బాగుందంటే నమ్మకూడదు.

ఇంకొక మాట చెప్పి తన మోచెయ్యి చూపించాడు. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పైకి లాగి రవ్వ దూకుతోందా అని చూడటం పాత మెకానిక్‌ల అలవాటు. ఈ కొత్త కాయిళ్ళతో అది ఆటకాదు. షాకు కొడితే చెయ్యి వెనక్కి విసిరేసుకుని ఏ ఫ్యానులోనో పెడతాం, ఆయన మచ్చ అలా వచ్చిందే. పైగా పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఇంజిన్ ఆపి, కాయిళ్ళు మార్చి, మళ్ళీ నడిపి చూడండి, అంతే.

ఇప్పుడు ఆయన మీద నాకు గౌరవం ఎక్కడ పెరిగిందో చెప్తాను. కాయిల్ దొరికాక కొత్తది వేసి పంపేస్తే నేను దండం పెట్టి డబ్బులిచ్చి వెళ్ళేవాణ్ణి. ఆయన పాత కాయిల్ పట్టుకుని బూటుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకిచ్చి వాసన చూడమన్నాడు. ఇంజిన్ ఆయిల్. రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంది, పక్కన పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత. కరెంటు దారి తప్పి దూకిన జాడ అది, ఒకసారి ఆ గీత పడ్డాక ప్రతిసారీ అదే దారిన పోతుంది. టార్చి వేసి రెండో ప్లగ్గు గుంతలోకి చూపించాడు. అడుగున ఆయిల్ మెరుస్తోంది. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్, దానితో వచ్చే ప్లగ్గు గుంతల సీళ్ళు ఏళ్ళ వేడికి ఎండి గట్టిపడ్డాయి. అక్కడ్నుంచి ఆయిల్ కారి గుంతలో నిలిచి రబ్బరుని తినేసింది. "ఇది ఒగ్గీసి కాయిల్ ఏత్తే మళ్ళీ సంవత్సరానికి ఇంకో కాయిల్ కొంటారు" అన్నాడు.

ప్లగ్గులు కూడా తీశాడు. ఫీలర్ గేజ్ పెడితే గ్యాప్ 1.4 మిల్లీమీటర్లు. నా బండికి 1 ఉండాలి, కొంచెం అటూఇటూ. ఈ మామూలు నికెల్ ప్లగ్గులు మార్చి ఎన్నాళ్ళయిందని అడిగాడు. అసలు మార్చాలనే నాకు తెలీదు, బండి కొన్నప్పటివే. మొన అరిగి సందు పెరిగేకొద్దీ దూకడానికి వోల్టులు ఎక్కువ కావాలి, ఆ బరువు కాయిల్ మీదే పడుతుంది. అంటే నా కాయిల్‌ని చంపిందాంట్లో ఆయిల్ వాటా సగం, నా బద్ధకం వాటా సగం.

సామాన్లు ఆయన కొనలేదు, నన్నే తెమ్మన్నాడు. కాయిల్ మీద ముద్రించిన పార్ట్ నంబరు ఫొటో తీసుకోమన్నాడు. బజార్లో ఒక షాపులో 650కి ఒకటి చూపించారు, చూడ్డానికి అచ్చు అదే. తీసుకెళ్ళి చూపిస్తే చేత్తో ఊపి, బరువు చూసి, "ఇది వాన దాకా కూడా రాదు" అని వెనక్కిచ్చేశాడు. శ్రీకాకుళం వెళ్ళి కంపెనీ పార్ట్స్ కౌంటర్లో 1,780 పెట్టి తెచ్చాను. ప్లగ్గులు మూడు, ఒక్కోటి 140. ప్యాకింగ్ సెట్ సీళ్ళతో కలిపి 460. ఆయన కూలి 600. మొత్తం 3,260. మొదటి రెండు రోజుల తిప్పలకి ఏమీ తీసుకోలేదు, ఎంతివ్వాలంటే "అప్పుడేటి సేసేను, అటుదిటు ఇటుదటు పెట్టేను" అన్నాడు. అద్దాల గదివాళ్ళకి అయిదువేల ఆరొందలిచ్చి రోగం ఇంటికి తెచ్చుకున్న మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో మీరే ఊహించుకోండి.

మూడు కాయిళ్ళూ మార్చేస్తే నిశ్చింత కదా అని అడిగాను. మిగతా రెండిటి బూట్లూ వంచి చూసి, పొడిగా ఉన్నాయని తిరిగి పెట్టేశాడు. మూడూ ఒకే వయసువి కాబట్టి ఒకటి పోతే మిగతావీ క్యూలో ఉంటాయనే వాదన ఉంది, కొట్టిపారెయ్యలేం. కానీ నా బండిలో కాయిల్ వయసు మీరి పోలేదు, ఆయిల్‌లో నాని పోయింది. ఆ తేడా చూసి చెప్పాడు. నేను కొండమీద తిరిగేవాణ్ణి కాబట్టి ఒకటి కొని డిక్కీలో పెట్టుకోమన్నాడు, 10 నంబరు పానాతో సహా.

పెట్టేటప్పుడు చూసినవి కొన్ని, మీ మెకానిక్ చేస్తాడో లేదో గమనించండి. ప్లగ్గులు విప్పే ముందు గుంతల్లో ఆయిల్‌ని గుడ్డపీలికతో పీల్చి, గాలి కొట్టాడు. లేకపోతే ఆ మురికి సిలిండర్‌లోకి జారుతుంది. ప్లగ్గులు మొదట చేత్తోనే తిప్పాడు, మర వంకరగా పట్టకుండా. చివర్న మాత్రమే టార్క్ రెంచి, ఎంత బిగించామో కొలిచే పానా. ఆ షెడ్డులో టార్క్ రెంచి ఉంటుందని నేననుకోలేదు, గుడ్డలో చుట్టి దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. బూటు లోపల కాస్త సిలికాన్ గ్రీజు రాశాడు, నీళ్ళు చేరకుండా, తర్వాత అంటుకుపోకుండా.

ఇక సణుగుడు. ఇది పొగడ్త కాదు, రివ్యూ.

టైము సంగతి అడగొద్దు. ఆయన "రేపు" అంటే ఎల్లుండి, "సాయంత్రం" అంటే రాత్రి ఎనిమిది. నా బండి రెండు రాత్రులు షెడ్డు బయట వేపచెట్టు కింద ఉంది, బానెట్ నిండా కాకి రెట్టలు. బిల్లు ఇవ్వడు, కాబట్టి చేసిన పనికి గ్యారంటీ అంటే ఆయన మాటే. కాయిల్‌కి మాత్రం శ్రీకాకుళం కౌంటర్ బిల్లు ఉంది, అందుకే సామాను మనచేత కొనిపిస్తాడనుకుంటాను. కూర్చోడానికి ఉన్నది ఒక స్టూలు, అది ఆయనదే. మేనల్లుడు ఫోన్ చూస్తూ కాయిల్ కనెక్టర్ లాకు ఒకటి విరగ్గొట్టాడు. ఏళ్ళ వేడికి ప్లాస్టిక్ పెళుసైపోతుంది, అదీ నిజమే, కానీ రెండు చేతులతో విప్పి ఉంటే విరిగేది కాదు. మిస్త్రీ దాచిపెట్టలేదు, పిలిచి చూపించి ట్యాగు కట్టి బిగించాడు. కుర్రాణ్ణి తిట్టిన తిట్లు మాత్రం ఇక్కడ రాయలేను. సీటు మీద ఆయిల్ వేళ్ళ ముద్ర ఒకటి మిగిలింది, మా ఇంటావిడ దానికి ఇంకా సంజాయిషీ అడుగుతోంది.

మీకు బీమా క్లెయిమో, వారంటీలో ఉన్న బండో, పని కాయితం మీద కావాల్సిన అవసరమో ఉంటే ఈ షెడ్డుకి వెళ్ళకండి, కంపెనీ సర్వీసుకే వెళ్ళండి. ఆటోమేటిక్ గేరు, హైబ్రిడ్ బళ్ళు ఆయన ముట్టుకోడు, ముట్టుకోనని ముందే చెప్తాడు. పాత పెట్రోల్ బండి, ఎక్కడా దొరకని రోగం, అప్పుడు వెళ్ళండి. మార్కులు వెయ్యాలంటే రోగం పట్టడంలో పదికి తొమ్మిదిన్నర, టైముకి మూడు.

పని అయ్యాక ఆ ఘాటీ ఎనిమిది సార్లు ఎక్కాను, రెండుసార్లు జోరువానలో. దగ్గలేదు. మొన్న మోహన నుంచి వస్తూ ప్లగ్గు గుంతలు చూపించుకుందామని ఆగాను, పొడిగా ఉన్నాయి, డబ్బులు తీసుకోలేదు, మనవరాలికి నాలుగు గీతల పుస్తకాలు రెండు అడిగాడు.

వెళ్ళేవాళ్ళు పొద్దున్న తొమ్మిదికి ముందు వెళ్ళండి, తర్వాత బొలేరోలు నిండిపోతాయి. సాయంత్రం అయిదు తర్వాత షెడ్డు ముందు గుప్‌చుప్ (పానీపూరీ) బండి పెడతారు, కారు తిప్పడానికి చోటుండదు. ఆంబాసిడర్ బానెట్ మీద కోడి లేకపోతే కంగారు పడకండి, షెడ్డు అదే.